అక్క సీటు కింద బోల్టు

ఆ వీధిలో ఆయన్ని అందరూ ఎర్తు మావయ్య అంటారు. అసలు పేరు ఒకటుంది, షాపు బోర్డు మీద కూడా రాసుంది. కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. కారుకు పాటలు పెట్టించుకుందామని వచ్చినవాళ్ళు స్పీకర్లు ఎంత పెద్దవి, అద్దాలు అదురుతాయా లేదా అని ఉబలాటపడుతుంటే, ఈయన మాత్రం డిక్కీ తలుపెత్తి, కార్పెట్ పక్కకు లాగి, కింద రేకును వేళ్ళతో తడుముతూ "ముందు ఎర్తు ఎక్కడివ్వాలో చూద్దాం, పాటల సంగతి తర్వాత" అంటాడు. పేరు అలా అంటుకుంది. ఇక ఊడలేదు.

ఎర్తంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయరుకు ఒక తీగలో కరెంటు వస్తుంది. వచ్చింది తిరిగి వెళ్ళడానికి ఒక దారి కావాలి కదా, ఆ దారి కారు ఒళ్ళే. రెండో తీగను కారు ఇనుముకు బిగిస్తే పనైపోయినట్టే. అయితే ఎక్కడ బిగించాలన్న దగ్గరే ఉంది తిరకాసంతా. పల్చటి రేకుకో, అతుకు వేసిన ముక్కకో బిగిస్తే పాట వెనకాల ఈల మొదలవుతుంది. బండి వేగం పెంచినకొద్దీ ఆ ఈల కూడా గొంతు పెంచుతుంది. అందుకని ఆయన మందమైన రేకు వెతుకుతాడు. కారు కిందికి దూరి అవతల పెట్రోలు ట్యాంకు లేదని కళ్ళారా చూసుకుంటాడు. రంగు గీకి, గీకి, ఇనుము తళతళలాడేదాకా వదలడు. రంపపు పళ్ళున్న వాషరు వేసి, బోల్టు బిగించి, మీటరు పెట్టి చూసి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాస్తాడు. ఈలోపు కారు యజమాని పక్కన నిలబడి ఆవలించడం మామూలే.

కారులో ఇంత కష్టం అక్కర్లేని చోటు ఒకటుంది. వెనక సీటు కింద, సీటు బెల్టు చివరను కారుకు పట్టి ఉంచే బోల్టు. లావుపాటి బోల్టు, గట్టి ఇనుము, రంధ్రం వెయ్యక్కర్లేదు, కార్పెట్ లాగక్కర్లేదు. ఈ పనిలో ఉన్న చాలామంది దాన్నే విప్పి, తీగ దూర్చి, మళ్ళీ బిగించి చేతులు దులుపుకుంటారు. ఎర్తు మావయ్యకు ఆ మాటెత్తితేనే ఒళ్ళు మండుతుంది. "ఆ బోల్టు మనది కాదు నాయనా. వెనక కూర్చున్నవాళ్ళ ప్రాణం దానికి వేలాడుతుంటుంది. ఫ్యాక్టరీవాడు లెక్క ప్రకారం బిగించినదాన్ని నువ్వెవడివి విప్పడానికి?" అని పక్క వీధి ఫిట్టరును నలుగురిలో కడిగేశాడు. అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

చెప్పొద్దూ, ఈ పిచ్చి ఆయనకు వాళ్ళక్క వల్ల పట్టింది. అక్క బస్టాండులో మైకు దగ్గర కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పేది. కాగితం చూసేది కాదు. అన్ని బస్సులూ, అన్ని టైములూ నోటికే. బడి అయిపోగానే తమ్ముడు వెళ్ళి స్పీకరు కింద బెంచీ మీద కూర్చునేవాడు. అక్క గొంతు ఖంగున మోగేది, దాని వెనకాలే గుయ్యిమని ఒక మోత. తన అక్క గొంతును ఎవరో పాడుచేస్తున్నారని ఆ పిల్లాడికి ఒకటే ఉక్రోషం. ఒకరోజు ఎలక్ట్రీషియను వచ్చి ఎక్కడో తుప్పు గీకి, ఒక తీగ మార్చి బిగించాడు. మోత పోయింది. అక్క గొంతు ఒక్కటే మిగిలింది. పెద్దయ్యాక ఏం చేస్తావురా అంటే ఇక వేరే జవాబు చెప్పలేదు.

అక్క రిటైరైంది. భర్త లేడు. కూతురు, మనవరాలు ఆమెతోనే ఉంటారు. కూతురు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మొన్నామధ్య ఆ అమ్మాయి పాత కారొకటి కొనుక్కుంది. మేనకోడలి కారుకు ఆంప్లిఫయరు పెట్టడం మేనమామ హక్కు కాబట్టి, ఎవరూ అడక్కముందే పెట్టేశాడు. పెట్టాడు గానీ, ఆ రోజు షాపునిండా పని. సొంతవాళ్ళదే కదా, తర్వాత చూసుకోవచ్చులే అని, డిక్కీ నేల గీకకుండా సీటు వెనకున్న పల్చటి రేకుకు తీగ బిగించి పంపేశాడు.

నాలుగు రోజులకే మేనకోడలు కారు తెచ్చి షాపు ముందు ఆపింది. పక్కన సీటు కవర్లు కుట్టే ఆవిడ, ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు. అమ్మాయి యాక్సిలరేటరు తొక్కింది. కుయ్యిమంది.

"ఊరందరికీ ఎర్తు మావయ్యవి, నాకు మాత్రం దోమ మావయ్యవయ్యావేంటి?" అంది. "కారులో దోమతెర కట్టుకోమంటావా?"

సీటు కవర్లావిడ సూది నోట్లో పెట్టుకుని మరీ నవ్వింది. ఎర్తు మావయ్యకు తల కొట్టేసినట్టయింది. "రెండు నిమిషాలు ఆగవే" అన్నాడు. "మావయ్యా, డ్యూటీకి టైమైపోతోంది" అంది అమ్మాయి. డిక్కీ ఖాళీ చేసి, కార్పెట్ తీసి, గీకి, కొలిచి చెయ్యాలంటే మధ్యాహ్నమవుతుంది. దోమతో పంపిస్తే ఆ నవ్వు వీధి చివరిదాకా పోతుంది.

సీటు ఎత్తాడు. డ్రైవరు వెనకవైపు బెల్టు బోల్టు కనిపించింది.

ఇప్పటికి కానిద్దాం, సాయంత్రం కారు తెప్పించి డిక్కీలోకి మార్చేద్దాం అనుకున్నాడు. పొడుగు స్పానరు లోపలెక్కడో ఉంది. చేతిలో ఉన్న పొట్టిదానితోనే విప్పి, కింద రంగు గీకి, బెల్టు పట్టీకీ రేకుకూ మధ్య తన తీగ కొసను దూర్చి, అందినంత బిగించి, సీటు మూసేశాడు. ఈల మాయమైంది. "మా మావయ్య బంగారం!" అంటూ అమ్మాయి తుర్రుమంది. సీటు కవర్లావిడ కూడా మెచ్చుకోలుగా తలూపింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ క్షణాన ఆయన ఛాతీ కాస్త ఉబ్బింది.

సాయంత్రం ఇంకో కారొచ్చింది. మర్నాడు మరోటి. బోల్టు సంగతి ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది. కారు తీసుకురావే అంటే ఎందుకంటుంది, ఎందుకో చెప్పాలంటే నోరు రాదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ చివరికి పూర్తిగా మరిచేపోయాడు.

ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ పాపను బడి నుంచి తీసుకురావడానికి బయల్దేరారు. అక్క ఎప్పటిలాగే వెనక, డ్రైవరు సీటు వెనకాలే కూర్చుంది. సైకిలొకటి అడ్డమొచ్చింది. అమ్మాయి బ్రేకు తొక్కింది, కారు పక్కకు జారి ఆగి ఉన్న వ్యాను వెనకభాగానికి గుద్దుకుంది. అమ్మాయికి బెల్టు పట్టేసింది, చిన్న గీత కూడా పడలేదు. వెనకున్న అక్క ఎగిరి ముందు సీటుకు కొట్టుకుంది. భుజం దగ్గర ఎముక విరిగింది. నుదురు బొప్పి కట్టింది. అమ్మాయి తేరుకుని దిగేసరికి దారినపోయేవాళ్ళే అక్కను బయటికి తీసి పేవ్‌మెంటు మీద కూర్చోబెట్టారు.

ఎర్తు మావయ్య చేతులకు గ్రీజుతోనే ఆసుపత్రికి పరిగెత్తాడు. అక్క మంచం మీద ఉంది, చెయ్యి మెడకు కట్టి ఉంది. అమ్మాయి భయమంతా కోపంగా మారి తల్లిని వాయిస్తోంది.

"ఎన్నిసార్లు చెప్పానమ్మా బెల్టు పెట్టుకోమని! వెనక కూర్చుంటే ఏమీ కాదనుకున్నావా?"

"పెట్టుకున్నట్టే గుర్తు నాకు" అంది అక్క నీరసంగా.

"పెట్టుకుంటే ముందు సీటుకెలా కొట్టుకుంటావు? నువ్వే చెప్పు."

అక్క తమ్ముడి వైపు చూసి, "మర్చిపోయానేమోరా" అంది.

"పాపను ఎక్కించుకున్నాక అయ్యుంటే! అది ఎక్కితే ఆ సీటు దానిదే కదా మావయ్యా!" అని అమ్మాయి కళ్ళొత్తుకుంది. ఊరికే ఏదో ఒకటి అనాలన్నట్టు, "పాడు రోజు. పాటలు కూడా ఆగిపోయాయి తెలుసా? బ్రేకేసిన నిమిషంలోనే ఠక్కున ఆగిపోయాయి" అంది.



ఆ మాటకు అర్థం ఆ ఆసుపత్రి మొత్తంలో ఎర్తు మావయ్యొక్కడికే తెలుసు. పాటలకు ఎర్తు ఆ బోల్టులో ఉంది. అక్క బెల్టూ ఆ బోల్టుకే ఉంది. పాటలు ఆగాయంటే బోల్టు ఊడింది. బోల్టు ఊడిందంటే బెల్టూ ఊడింది. అక్క బెల్టు పెట్టుకునే ఉంది.

చెప్పెయ్యాలి. నోరు తెరిచాడు కూడా. "టీ ఏమైనా తాగుతారా?" అన్న మాట బయటికొచ్చింది.

మర్నాడు కారు షాపుకే వచ్చింది. ముందు బంపరు పని వేరేవాళ్ళది. పాటల సంగతి మాత్రం మావయ్య చూడాలి. సీటు కవర్లావిడ భోజనానికి షట్టరు దించేదాకా ఆగి, సీటు ఎత్తాడు. బెల్టు పట్టీ కొస ఖాళీగా వేలాడుతోంది. బోల్టు పక్కన గుంటలో పడి ఉంది. తన తీగ, తన చేత్తో నొక్కిన కొస, తను గీకిన ఇనుము. కొత్త బోల్టు తెప్పించి, మరలు వదులవ్వకుండా మందు పూసి, పొడుగు స్పానరుతో లెక్క ప్రకారం బిగించాడు. డిక్కీ నేల గీకి, అక్కడ ఎర్తు ఇచ్చాడు. జన్మలో అంత శుభ్రంగా ఎప్పుడూ చెయ్యలేదు. ఎవరికి చూపించుకోవాలి ఆ పనితనాన్ని?

"ఏమైంది మావయ్యా?" అని అమ్మాయి ఫోనులో అడిగింది.

"ఫ్యూజు పోయిందమ్మా" అన్నాడు.

అక్కడితో అయిపోయి ఉంటే ఆయన ఎలాగోలా మింగేసేవాడేమో. ఎముకలు అతుక్కుంటాయి. కానీ ఇంట్లో వేరే లెక్క మొదలైంది. అక్క స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయింది, పొంగిపోయాయి. అందరిళ్ళలోనూ పాలు పొంగుతాయి. కానీ బెల్టు మర్చిపోయిన మనిషి పాలు కూడా మర్చిపోయిందంటే దానికి వేరే అర్థం వస్తుంది. తాళంచెవి కనబడకపోతే అమ్మే. కుళాయి కారుతుంటే అమ్మే. అమ్మాయికి తల్లంటే ప్రాణం, అందుకే భయం ఎక్కువ. మెల్లగా స్టవ్ దగ్గరికి రానివ్వడం మానేసింది. పాపను బడి నుంచి తేవడానికి పక్కింటివాళ్ళను బతిమాలుకుంది. మతిమరుపు చూసే డాక్టరు ఎవరున్నారని వాకబు చేస్తోంది.

అక్క మొదట్లో తిట్టింది, తర్వాత అలిగింది. ఆ తర్వాత అదే నిజమేమోనని నమ్మడం మొదలుపెట్టింది. తమ్ముడు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా పాత బస్సుల టైములు అప్పజెప్పేది. మధ్యలో ఆగి, "సరిగ్గానే చెప్పానంటావా?" అని బిక్కమొహం వేసేది. తప్పో ఒప్పో ఆయనకేం తెలుసు? ఒకసారి అలాగే ఆగిపోయి ఏడ్చేసింది. "నాకు బుర్ర పాడైపోతోందిరా. రేపు మీ మొహాలు కూడా గుర్తుండవేమో" అంది. ఆయన తన కండువాతో ఆమె కళ్ళు తుడిచి, "వయసు మీద పడితే అందరికీ ఉండేదేలే అక్కా" అన్నాడు.

ఆ మాట అన్నందుకు నాలుక కోసుకోవాలనిపించింది. మరిచిపోయినవాడు తను. మతిమరుపు మనిషని పేరు అక్కకు. తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. "షాపులో ఎవరితోనైనా గొడవపడ్డారా?" అని భార్య అడిగింది. లేదన్నాడు. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు అక్క కాదు, ఆ సీట్లో పాప. చెబితే ఏమవుతుంది? షాపు పరువు పోతుంది, పక్క వీధి ఫిట్టరు పండగ చేసుకుంటాడు, మేనకోడలు మొహం చూడదు. ఇవన్నీ లెక్కేసుకుని, తెల్లారి లేచి, అక్కకు చెప్పకుండా షాపుకు వెళ్ళేవాడు. పనిలో కూడా చెయ్యి ఆడలేదు. బిగించిన బోల్టునే మళ్ళీ మళ్ళీ బిగించేవాడు.

అక్క చేతికట్టు విప్పేసిన తర్వాతి ఆదివారం అమ్మాయికి డ్యూటీ పడింది. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. ఎర్తు మావయ్య పొద్దున్నే వెళ్ళేసరికి అమ్మాయి తలదువ్వుకుంటూ ఎదురొచ్చింది.

"అమ్మయ్య, వచ్చావా మావయ్యా! మధ్యాహ్నం దాకా ఉండవూ? అమ్మ ఒక్కతే ఉంటే పాపను వదిలి వెళ్ళలేను. నువ్వుంటే నాకు ధైర్యం."

అక్క అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. ఆ మాటలన్నీ వింది. పాప పరిగెత్తుకొచ్చి ఒళ్ళోకి ఎక్కబోతే మెల్లగా పక్కకు జరిపి, "నా దగ్గరొద్దమ్మా, తాతయ్య దగ్గరికి వెళ్ళు. అమ్మమ్మ మర్చిపోతుంది" అంది.

పాప ఎర్తు మావయ్య మోకాళ్ళు పట్టుకుంది. అమ్మాయి లోపలికి వెళ్ళింది. ఇక ఆయన వల్ల కాలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలీకుండానే అనేశాడు.

"అక్కా, నువ్వు ఆ రోజు బెల్టు పెట్టుకున్నావు."

"ఊరుకోరా, నన్ను ఊరడించకు."

"ఊరడించడం కాదు. బెల్టు ఊడిపోయింది. దాని బోల్టు నేను విప్పాను. నా తీగ కోసం విప్పి సరిగ్గా బిగించలేదు. కుదుపులకు వదులై, బ్రేకు పడగానే ఊడొచ్చింది. నీ తప్పేం లేదక్కా. నువ్వేం మర్చిపోలేదు."

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. ఆమె కోప్పడుతుందనుకున్నాడు, చెంప పగలగొడుతుందనుకున్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది.

"పెట్టుకున్నానా?" అంది. "నిజంగా పెట్టుకున్నానా? నేననుకుంటూనే ఉన్నానురా! పమిట అడ్డమొస్తే తీసి సర్దుకున్నాను. ఇదిగో, ఈ చేత్తో లాగాను. క్లిక్కుమంది. గుర్తుంది! నాకు గుర్తుందిరా!" నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. పాపను దగ్గరికి లాక్కుని బుగ్గలు పుణికింది. ఆ సంతోషం చూస్తుంటే ఎర్తు మావయ్యకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

అంతలో ఆమె చెయ్యి పాప బుగ్గ మీదే ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసిందిరా?"

ఆయన కండువా సర్దుకున్నాడు.

"చెప్పు."

"ఆసుపత్రిలోనే. అమ్మాయి పాటలు ఆగిపోయాయన్నప్పుడే."

"ఎముక పోతే పోనీ" అంది అక్క. గొంతు పెంచలేదు. "బోల్టు వదులైందంటే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. బుర్ర పాడైపోతోందని నేనేడుస్తుంటే ఆ కుర్చీలో కూర్చుని నా కళ్ళు తుడిచావు కదరా. తెలిసే తుడిచావా?"

అమ్మాయి బ్యాగు తగిలించుకుంటూ గదిలోంచి వచ్చి ఇద్దరినీ చూసి, "ఏమైంది?" అంది.

"మీ మావయ్య చెబుతాడు" అంది అక్క. "నాకు చెప్పినట్టే చెప్పు."

మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఫ్యూజు సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. అమ్మాయి అంతా విని, తల్లి దగ్గరికి వెళ్ళి, ఆమె తలను తన పొట్టకు ఆనించుకుని కొంతసేపు అలాగే నిలబడింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది.

"ఇంకా ఎన్ని కార్లలో అలా బిగించావు?"

"ఒక్కటేనమ్మా. ఇదొక్కటే."

ఆమె నవ్వినట్టుగా పెదవి విరిచింది. "అమ్మా, మధ్యాహ్నానికి వచ్చేస్తాను" అంది. "పాలు వెచ్చబెట్టి పాపకివ్వు. మావయ్యా, నువ్వు వెళ్ళు. అమ్మ చూసుకుంటుంది."

ఎర్తు మావయ్య చెప్పులు వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి, "నిజమేనమ్మా. ఒట్టు. ఇంకే కారులోనూ చెయ్యలేదు" అన్నాడు. ఆ మాట పచ్చి నిజం.

"అమ్మ కూడా నిజమే చెప్పింది మావయ్యా" అంది అమ్మాయి. "ఎవరం నమ్మాం?"

ఆయన అక్క వైపు చూశాడు. ఆమె పాపకు జడ వేస్తోంది, తలెత్తలేదు. ఆయన మెట్లు దిగాడు.